పంపన్న అన్నం ముంగటికెల్లి లేచిపోయిన రోజులు

నర్సు కొలువుల కొత్తగ చేరిన పిల్లలు నన్ను చూడనీకి వస్తే అందరు అడిగేది ఒక్కటే. "మేడమ్, మీ సర్వీసుల మర్చిపోలేని కేసు ఏంది?" బొగ్గు బాయిల ప్రమాదం గురించి చెప్తనేమో, రక్తం కారుతున్న మనిషిని స్ట్రెచర్ మీద ఉరికిచ్చిన కథ చెప్తనేమో అని చెవులు రిక్కించి కూసుంటరు. నేనేమో పచ్చిపులుసు దగ్గర మొదలు పెడ్త. పాపం, పిల్లల మొహాలు వాడిపోతయి. వాడిపోనియ్యుండ్రి. చాయ్ తాగుకుంట వినుండ్రి. నేను చెప్పేది నోట్లె ఊరే ఉమ్మి సంగతి. నవ్వకుండ్రి, ఆ ఉమ్మి వల్ల ఒక మనిషి చచ్చిపోతున్న అనుకొని, ఆలికి గూడ చెప్పకుంట రోజులు లెక్కపెట్టుకున్నడు.

నేను పనిచేసింది గోదావరిఖనిల ఒక చిన్న ప్రైవేటు దవాఖానల. ఇప్పుడది లేదు, ఆ జాగల బట్టల దుకాణం వడ్డది. మా నాయిన గూడ బాయిల పనిచేసినోడే. మా ఇంట్ల ఆదివారం చర్చి, మిగిలిన దినాలు షిఫ్టు సైరన్, గంతే బతుకు. అందుకే బాయి మనుషులు దవాఖానకొస్తే నాకు మా గల్లీ వాళ్లే వచ్చినట్టుండేది. గల్లీ వాళ్లను తిట్టినట్టే తిట్టేదాన్ని. నాకు కోపం జల్ది వస్తది, జల్ది పోతది. పోయినంక చాయ్ పోయిస్త.

మా దవాఖానల ఒక ఆయమ్మ ఉండె. ఊడ్చుడు, మంచాలు సర్దుడు ఆమె పని. రోగం పేరు చెప్పుడు ఆమె పని గాదు, కని అది గూడ ఆమెనే చేసేది. మనిషి గడప దాటంగనే నడక చూసి, "గిది పైత్యం", "గిది అత్తతోని కొట్లాట" అని తేల్చేసేది. సగం సార్లు నిజమే అయ్యేది, ఏం చేస్తం!

గొంతు డాక్టర్ సారు మాత్రం వారానికి ఒక్క దినం, మంచిర్యాల నుంచి గోదారి వంతెన దాటి వచ్చేటోడు. చెయ్యి మంచిది, మనసు మంచిది. కని ఒక్క అలవాటుండె. చెప్పుడు మొదలు పెడితే ఆపడు. మందుచీటి తిప్పి, వెనక బొమ్మలేసుకుంట, పేషెంటుకు ఎంబీబీఎస్ మొత్తం చెప్పి పంపేటోడు. ఆయన పెన్ను మూత తీసి చీటి తిప్పిండంటే ఆయమ్మ బయటికి పోయి లైన్ల ఉన్నోళ్లతోని, "కూసొండ్రి బిడ్డా, ఇగ ఓపీ బంద్" అనేది.

ఇంకో సంగతి గూడ చెప్పాలె. మా దిక్కు మనుషులు దవాఖానకు పరగడుపున వస్తరు. రక్త పరీక్షకు అట్ల రమ్మంటరు గదా, ఇగ అదే పట్టుకున్నరు. కాల్ల ముల్లు ఇరిగినా పరగడుపే, చెవుల గులిమి తీసుకోవాలన్నా పరగడుపే. తిని పోతే వాపస్ పంపుతరు, మళ్ల ఇంకో దినం డ్యూటీ నాగ పెట్టాలె అని వాళ్ల ఫికర్. "అన్నా, చెవికీ కడుపుకూ ఏం సంబంధమే" అని ఎంత మొత్తుకున్నా వినకపోదురు. కండ్లు తిరిగి బెంచి మీద ఒరిగితే మళ్ల నేనే బిస్కెట్లు పెట్టాలె.

అట్ల పరగడుపున వచ్చినోళ్లల్ల పంపన్న ఒకడు. ఆయన అసలు పేరు వేరే. భూమి లోపల ఊరే నీళ్లను తోడి పైకి పంపే పంపుల మీద డ్యూటీ కాబట్టి అందరు పంపన్న అంటుండె. మనిషి పొడుగు, మాట తక్కువ. బాయిలకు బీడీ, అగ్గిపెట్టె పోనియ్యరు. గ్యాసు అంటుకుంటదని మొదట్లనే జేబులు తడిమి చూస్తరు. అందుకే లోపల పనిచేసేటోళ్లు మస్తుమంది దౌడకు తంబాకు పెట్టుకుంటరు. పంపన్న గూడ అంతే.

మొదట పన్ను నొప్పి అని వచ్చిండు. డ్యూటీ డాక్టరు పండ్లన్ని తట్టి చూసి, బేషుగ్గ ఉన్నయి పో అన్నడు. కొన్ని దినాలకు మళ్ల వచ్చిండు, మళ్ల పన్నే అన్నడు. ఈసారి డాక్టరు దగ్గరికి పోకుంట మందుల గది తలుపు కాడ నిలవడి, అటు ఇటు చూసి, నెమ్మదిగ నోరు ఇప్పిండు.

"సిస్టరమ్మా, పన్ను గాదు. దౌడ కింద గడ్డ లేస్తది. లేస్తది, మళ్ల పోతది. ఎవరికి చెప్పకు."

"ఎప్పుడు లేస్తదే అన్నా?"

"తెల్వది."

"ఎప్పుడు పోతది?"

"అది గూడ తెల్వది."

నాకు కోపమొచ్చింది. గడ్డ నీదా నాదా అందామనుకున్న. కని ఆయన మొహం చూసి మాట మింగిన. పంపన్న జతగాడు ఒకాయన ఉండె. ఇద్దరు ఒక్క డబ్బిల తంబాకు పంచుకొని ఏండ్లకేండ్లు నమిలినోళ్లు. ఆ జతగాడు అంతకు కొన్ని నెలల ముందే నోటి క్యాన్సర్ తోని పోయిండు. ఆఖరుకు నీళ్లు గూడ మింగరాక పోయిండు. పాడె మోసినోళ్లల్ల ముంగట ఉన్నది పంపన్ననే. ఇగ ఈయన ఏం ఊహించుకుంటుండో నాకు ఎవరు చెప్పాలె?

గొంతు డాక్టర్ సారు వచ్చే దినం రమ్మన్న. వచ్చిండు, పరగడుపున! సారు దౌడ కింద ఒత్తి చూసిండు, మెడ చూసిండు, టార్చి కొట్టి గొంతు చూసిండు. ఏమన్న ఉంటే గదా. "ఇప్పుడైతే ఏం లేదు. గడ్డ లేచినప్పుడు రా" అన్నడు. "లేచినప్పుడు నేను బాయిల ఉంట సారు" అని పంపన్న అంగి గుండీలు పెట్టుకున్నడు. తిన్నప్పుడు ఏమన్న అయితదా అని సారు అడగనే అడిగిండు. పంపన్న లేదని తల ఊపిండు. అది అబద్ధమని మాకు తర్వాత తెలిసింది.

ఆయన భార్యను నేను వదినా అంటుండె. పుట్టిల్లు కాసిపేట. వంటల ఆమెకు ఆమెనే సాటి, ఆ సంగతి ఆమెకు గూడ మంచిగ ఎరుకే. బీపీ చూపించుకోనీకి వచ్చినప్పుడల్ల నాకింత చింతకాయ తొక్కు తెచ్చేది. ఆ నడుమల ఒక దినం ఉత్త చేతులతోని వచ్చింది. బీపీ పట్టి కడ్తుంటే మొదలు పెట్టింది.

"ఏం చెప్పాలె సిస్టరమ్మా! రెండు బుక్కలు తింటడు, ఉప్పు ఎక్కువైందని లేస్తడు. తెల్లారి ఉప్పు తగ్గిస్త. రెండు బుక్కలు తింటడు, ఉప్పే లేదని లేస్తడు. ఏమన్న అంటే గోడ దిక్కు చూస్తడు. మనిషి సగమైండు. నాకైతే అనుమానంగున్నది, ఇంకెవరింట్లనో తింటుండు."

"ఇంకెవరింట్లనో తింటే సగమెందుకైతడు వదినా?" అని అడిగిన.

ఆమె కొంచెంసేపు సోంచాయించి, "అది గూడ నిజమే. మరి దానికి వంట రాదేమో" అన్నది.

నవ్వు ఆపుకోనీకి నేను పడ్డ తిప్పలు దేవునికే ఎరుక. కని లోపల మాత్రం గాబరైంది. ఆయన గడ్డ సంగతి ఎవరికి చెప్పకన్నడు. పేషెంటు చెప్పిన మాట బయట వెట్టద్దు, అది మా కొలువు ధర్మం. చెప్తే ఆయన మళ్ల దవాఖాన గడప తొక్కడు. చెప్పకుంటే ఈమె సంసారం ఇరిగిపోయేటట్టున్నది. నోరు మూసుకొని బీపీ రాసిన. మస్తు ఎక్కువున్నది.

అప్పుడే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయిలు బంద్. ఎన్నడు సప్పుడు ఆగని ఖనిల సైరన్ మోగుడు గూడ లేదు. డ్యూటీ ఉన్నన్ని దినాలు పంపన్న టిఫిన్ డబ్బ బాయిల ఏం చేసిండో ఎవరు చూసిన్రు? ఇప్పుడు మూడు పూటలు ఇంట్లనే, భార్య కండ్ల ముంగట. రెండు బుక్కలు, లేచుడు. రెండు బుక్కలు, లేచుడు.

ఒక దినం చౌరస్తల వంటావార్పు పెట్టిన్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడనే వండి, అందరు వరుసల కూసొని తినుడు, గదే ఆ నాటి నిరసన. పచ్చిపులుసు బాధ్యత వదినది. డ్యూటీ దిగి నేను గూడ పోయిన. ఏం పులుసు అది! నాలుకకు తగలంగనే పాణం లేచొచ్చింది. తిన్నోళ్లందరు వదినను పొగుడుతున్నరు, ఆమె గరిట పట్టుకొని పెండ్లికూతురు లెక్క వరుసల నడుమ తిరుగుతున్నది. గప్పుడే పంపన్న రెండో బుక్క మింగి, దౌడ మీద చెయ్యి పెట్టుకొని లేచిండు. "ఉప్పు మస్తయింది" అన్నడు. చుట్టున్నోళ్లందరికి వినవడ్డది. వరుసల ఉన్నోళ్లు ఒక్కసారి చేతులు ఆపి, మళ్ల ఒకపారి నాకి చూసుకున్నరు. వదిన మొహం ఎర్రగ అయింది, తర్వాత తెల్లగ అయింది. గరిట గిన్నెల వేసి, కొంగు బిగిచ్చి ఇంటికి పోయింది.

తెల్లారి గొంతు డాక్టర్ సారు వచ్చే దినం. పంపన్న పొద్దుగాలనే వచ్చి బెంచి మీద కూసున్నడు, అలవాటు ప్రకారం ఏం తినకుంట. ఆయన వంతు రాంగనే తలుపు నెట్టుకొని వదిన వచ్చింది, పొద్దుగాల ఆయన ఇటు వచ్చుడు చూసిందట. ఒక చేతిల టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిల బట్టల సంచి.

"సారూ, నేను కాసిపేటకు పోతున్న. మళ్ల రాను. పోయేముందు ఒక్కటి తేలాలె. నా వంటల తప్పున్నదా, ఈయన నాలుకల తప్పున్నదా? మీరు గొంతు డాక్టరట గదా, నాలుక గూడ మీదే గదా!"

పరీక్ష బల్ల మీదనే గిన్నెలు పరిచింది. అన్నం, పప్పు, పచ్చిపులుసు, చింతకాయ తొక్కు. నేను ఆమెను బయటికి పంపాలె, అది నా డ్యూటీ. కని ఆ వాసనకు నేను గూడ నిలవడిపోయిన. సారు వేలు ముంచి నాకిండు. ఇంకోసారి నాకిండు. "అమ్మా, ఉప్పు సరిగ్గనే ఉంది" అన్నడు. ఆయమ్మ అడగకముందే చేతిల ఏసుకొని తిని, "సారు కరెక్టే చెప్పిండు" అని సారుకే సర్టిఫికెట్ ఇచ్చింది.

"అయితే ఈయన నాలుక చూడుండ్రి."

"చూస్త. ఏం పంపన్నా, నా ముంగట తిను."

పంపన్న వెనక్కి జరిగిండు. "పరగడుపున వచ్చిన సారు. పరీక్ష ఉంటది గదా."

"ఇదే పరీక్ష" అన్నది వదిన.

ఇగ తప్పలేదు. తొక్కు కలిపి ముద్ద పెట్టుకున్నడు. రెండోది పెట్టుకున్నడు. లేవబోయిండు, వదిన భుజం పట్టి కూసోబెట్టింది. మూడో ముద్ద నోట్లె పడంగనే మనిషి కండ్లు మూసుకొని దౌడ పట్టుకున్నడు. "అమ్మో, సిస్టరూ!" అని ఆయమ్మ ఒర్లింది. చెయ్యి తీసి చూస్తే దౌడ కింద నిమ్మకాయంత వాపు. మేం చూస్తుండంగనే ఇంకింత పెరిగింది. వదిన చేతిల గిన్నె జారి కింద వడ్డది.

పంపన్న గోడకు ఒరిగి కూసున్నడు.

"చూసిన్రు గదా. అయిపాయె. అన్నం పెడితే పెరుగుతది, మాడిస్తే తగ్గుతది. నేను తినేదంత ఆ గడ్డనే తింటుంది సారు. అందుకే దాన్ని మాడిస్తున్న. నా జతగానికి వచ్చిందే నాకు వచ్చింది."

వదినైతే అట్లనే నిలవడ్డది. ఉప్పు, ఇంకో ఆడిది, కాసిపేట బస్సు, అన్ని ఆమె మొహంలకెల్లి ఒక్కపారే పోయినయి. నాకు ఏడుపొచ్చింది, దాస్తలేను.

సారు మాత్రం గ్లౌజు ఏసుకున్నడు. ఒక వేలు నాలుక కింద, ఇంకో చెయ్యి దౌడ కింద పెట్టి, మెల్లగ వెనకకెల్లి ముందుకు తడుముకుంట వచ్చిండు. ఒక్క కాడ ఆగి, నన్ను పిలిచిండు. "సిస్టర్, ఇక్కడ చూడు." నేను గూడ వేలు పెట్టి చూసిన. అన్నంల పంటికి తగిలే రాయి ఉంటది చూడుండ్రి, గట్లాంటిది మెత్తటి మాంసం కింద గట్టిగ తగిలింది.

"అమ్మా, ఇంకొంచెం తొక్కు పెట్టు" అన్నడు సారు. వదిన పెట్టింది. వాపు ఇంకింత ఉబ్బింది. సారు మొహం వెలిగిపోయింది. "క్యాన్సర్ గాదు, గీన్సర్ గాదు. రాయి! పంపన్నా, నీ పైపుల రాయి అడ్డం వడ్డది."

పెన్ను మూత తీసిండు. చీటి తిప్పిండు. ఆయమ్మ తలుపు దిక్కు నడిచింది, కని ఆ ఒక్క దినం బయటికి పోలే, తలుపు కాడనే నిలవడి విన్నది.

"దౌడ కింద ఒక గ్రంథి ఉంటది. ఉమ్మి ఊరేది అక్కడ. అక్కడికెల్లి నాలుక కిందికి సన్న గొట్టం వస్తది. తినకుంటే ఎక్కువ ఊరదు, వాపు రాదు. పులుపు తగిలితే ఊట పోటెత్తుతది, రాయి దారి ఇయ్యదు, దౌడ ఉబ్బుతది. నువ్వేమో నా దగ్గరికి వచ్చినప్పుడల్ల పరగడుపున వస్తివి!"

గొట్టం మాట వినంగనే పంపన్న సగం లేచి కూసున్నడు. "డెలివరీ పైపు జామ్ అన్నట్టు."

"గంతే!"

"మరి ఉప్పు లొల్లి ఏంది సారూ?" అని వదిన అడిగింది. ఆమెకు ఇంకా తేలలేదు.

ఆ ప్రశ్నకు సారు పొంగిపోయిండు. "అది ఉత్త గొట్టం గాదమ్మా. గ్రంథిల పుట్టినప్పుడు ఉమ్మి రక్తం లెక్కనే ఉప్పగ ఉంటది. గొట్టంల నడిచి వచ్చేటప్పుడు దాని గోడలు ఆ ఉప్పును గుంజుకొని మళ్ల రక్తంలకు పంపుతయి. నీళ్లను మాత్రం ఉప్పు వెంట పోనియ్యవు. అందుకే నోట్లెకు వచ్చేసరికి ఉమ్మి చప్పగ అయితది. ఉప్పు తీసుకొని, బదులు కొంచెం పొటాషియం, పులుపును ఇరిచే సోడా గుణం కలిపి పంపుతయి."

పంపన్న ఒప్పుకోలేదు. "పైపుల ఏం పోతే అదే రావాలె గదా సారు. నేను ఇన్నేండ్లు తోడిన. బురద నీళ్లు పోతే బురద నీళ్లే వచ్చినయి."

"నీ పైపు ఇనుపది. ఇది పాణమున్న పైపు."

పంపన్న కొంచెంసేపు ఆ బొమ్మ దిక్కు చూసిండు. దౌడ వాచి ఉన్నది, నొప్పి ఉన్నది, అయినా ఊకోలేదు. "మరి ఊట జోరుగ వస్తే ఉప్పు గుంజుకునే టైం యాడిది?"

సారు బల్ల మీద చరిచిండు. "సబాష్! నెమ్మదిగ వస్తే చప్పగ ఉంటది. జోరుగ వస్తే గుంజే తీరిక ఉండదు, కొంచెం ఉప్పు మిగులుతది."

"షిఫ్టు ఇడిసినప్పుడు గేటు కాడ వాచ్‌మన్ లెక్క. ఒక్కొక్కలు పోతే అందరి సంచులు చూస్తడు, గుంపు పోతే ఎన్నని చూస్తడు!"

"గదే, గదే! ఇంకోటి విను. బాయిల చెమటలు కక్కిన నాడు ఒంట్ల ఉప్పు తగ్గుతది గదా. కిడ్నీల మీద ఉండే చిన్న గ్రంథి హుకుం పంపుతది, ఉప్పు ఇడువద్దని. ఆ నాడు గొట్టం ఇంకా గట్టిగ గుంజుతది."

"చప్పగ చేసుడెందుకు మరి?" ఇది ఆయమ్మ, తలుపు కాడికెల్లి.

"నోట్లె ఉమ్మి ఉప్పగ ఉంటే కూరల ఉప్పు నాలుకకు ఎట్ల తెలుస్తది?"

వదిన నడుం మీద చెయ్యి పెట్టుకున్నది. "అంటే ఈయన నాలుకకు నా ఉప్పు సరిగ్గనే తెలిసింది."

"తెలిసింది."

"నోరే అబద్ధం చెప్పింది."

"నోరే" అన్నడు సారు. పంపన్న తల వంచుకున్నడు. ఆ వంచిన తలను చూస్తే నాకు, ఆయమ్మకు నవ్వాగలేదు.

ఎక్స్‌రేల రాయి తెల్లగ కనవడ్డది. నాలుక కింద సూది ఇచ్చి, మొద్దుబారినంక సారు చిన్నగ కోసిండు. రాయి వచ్చింది, వెనకనే అన్నాళ్లు ఆగిన ఉమ్మి ఫట్టున ఎగిరి సారు కండ్లద్దాల మీద వడ్డది. సారు కోపం చేసుకుంటడేమో అనుకున్న. అద్దాలు తుడుచుకుంట, "పంపు చాలు అయింది" అన్నడు. నీళ్లు మంచిగ తాగాలె, నిమ్మకాయ చప్పరించాలె, దౌడ కింద వేలితోని ముందుకు నిమురుకోవాలె, తంబాకు మాత్రం బంద్ చెయ్యాలె, లేకుంటే ఈసారి నిజంగనే క్యాన్సర్ వస్తది అని బెదిరిచ్చిండు. తంబాకు డబ్బి వదిన అక్కడికక్కడనే లాక్కొని సంచిల ఏసుకున్నది.

పిల్లలూ, మీకు చెప్పేది ఇంతే. పేషెంటు ఏం నొప్పి అని చెప్తే అది రాసుకోండ్రి. ఏం తిన్నవు, ఎప్పుడు తిన్నవు, తింటే ఏమైంది అని గూడ అడుగుండ్రి. అడిగినా చెప్పకుంటే, ఇంట్ల వండేటోళ్లను అడుగుండ్రి. పుస్తకంల లాలాజల గ్రంథుల పాఠం రెండు పేజీలే ఉంటది, పరీక్షల వస్తదో రాదో అని మీరు ఇడిసిపెడ్తరు. నేను గూడ ఇడిసిపెట్టినదాన్నే.

సూది మత్తు దిగేదాక కూసోమని పంపన్నను వరండల బెంచి మీద కూసోబెట్టిన. వదిన పక్కన కూసున్నది. నేను దూది డబ్బ సర్దుకుంటనే వింటున్న.

"నాకెందుకు చెప్పలే?" అన్నది వదిన.

సగం మూతి మొద్దుబారి ఉన్నది, మాట వంకరగ వచ్చింది. "చెప్తే నువ్వు తినకపోదువు."

వదిన ఆయన దిక్కు తిరిగింది. "నువ్వు అన్నం ముంగటికెల్లి లేచిపోయినంక నేను ఏనాడు తిన్న?"

అప్పుడు చూసిన నేను. ఇన్ని దినాలు బీపీ పట్టి ఆ చేతికే కట్టిన, అయినా చూడలే. కండ్లు తుడుచుకోనీకి చెయ్యి లేపితే గాజులు జరజర మోచేతి దాక జారినయి. పంపన్న గూడ అప్పుడే చూసిండు. ఆ గాజుల దిక్కే చూసుకుంట మస్తుసేపు కూసున్నడు.

ఆయమ్మ ఎక్కడికెల్లి తెచ్చిందో ఒక పళ్లెం తెచ్చి, మిగిలిన పప్పు అన్నం మెత్తగ పిసికి వాళ్ల నడుమ పెట్టింది. "తినుండ్రి. తిన్నంకనే కొట్లాడుండ్రి" అని చీపురు పట్టుకొని పోయింది.

వదిన ముద్ద చేసి ఆయన నోటికి అందిచ్చింది. పంపన్న ఆ చెయ్యి పట్టుకొని, మెల్లగ ఆమె నోటి దిక్కే తిప్పిండు.

"ముందుగాల నువ్వు" అన్నడు.

లోపలికెల్లి సారు ఇంకో పేషెంటు కోసం నన్ను పిలుస్తనే ఉన్నడు. నేను పోలే. వదిన నోరు తెరిచి ఆ ముద్ద తినేదాక అక్కడనే నిలవడ్డ.